సెకనుకు 8,000 నమూనాలు చాలునా?

భద్రాచలం వద్ద గోదావరి మట్టాన్ని వరద రోజులలో గంటగంటకూ చదివి వ్రాస్తారు. 43, 48, 53 అడుగుల వద్ద మూడు హెచ్చరికలు వెలువడుతాయి. రోజుకు ఒక్క పర్యాయమే చూచి వ్రాసినట్లయితే, రాత్రి పెరిగి తెల్లవారుసరికి తగ్గిన పోటు పుస్తకంలో కనిపించదు. ఎంతటి గణిత పండితుడైనను ఆ పోటును తరువాత రాబట్టలేడు.

ధ్వనిని అంకెలుగా మార్చే విద్యకు కూడా ఇదే మూలసూత్రం. సెకనుకు తీసే కొలతల సంఖ్యను శాంప్లింగ్ రేటు అంటారు. ఆ సంఖ్యలో సగానికి మించిన కంపనాలు దక్కవు. పాత టెలిఫోను 8,000 కొలతలతో సరిపెట్టుకొన్నది. అనగా 4,000 హెర్ట్జ్ పైనున్నది అంతా విడిచిపెట్టినది. సకారపు బలం అధికంగా అక్కడనే ఉన్నది. ఉర్దూలో సన్ అనగా సంవత్సరం, ఫన్ అనగా కళ. టెలిఫోనులో ఈ రెంటికీ భేదం తెలియక మరల అడుగుట అందరమూ ఎరిగినదే.

ఫ్రేము రేటు వేరు. సినిమా సెకనుకు 24 బొమ్మలతో నడచినట్లు, మాటను గుర్తించే యంత్ర నమూనాలు ధ్వనిని చిన్న ముక్కలుగా కోసి చూస్తాయి. 2022లో వెలువడిన విస్పర్ అనే నమూనా 16,000 కొలతల ధ్వనిని కోరుతుంది. 25 మిల్లీసెకన్ల ముక్క, అనగా 400 కొలతలు, 10 మిల్లీసెకన్లకు ఒక అడుగు. ఈ కోత నచ్చనిచో రేపు మరొక విధంగా కోయవచ్చును. శాంప్లింగ్ రేటు విషయంలో ఆ అవకాశం లేదు. 8,000తో పట్టినదానిని 16,000గా మార్చినను ఫైలు లావెక్కునే గాని పోయిన సకారం తిరిగి రాదు.

మన జిల్లాల అడవి అంచున కోయ భాష అధికంగా నోటిమీదనే నిలిచియున్నది. మన ఇండ్లలోని దక్కనీ ఉర్దూ స్థితి కూడా దాదాపు అంతే. రేపటి యంత్రాలు ఈ భాషలను నేర్చినచో మనం నేడు పట్టి ఉంచిన గొంతుల నుండియే నేర్చును. అవ్వ పాడిన పాటను ఫోను కాల్‌లో రికార్డు చేసి “ఇది చాలులే” అనుకొనుట నాకు సమ్మతం కాదు. ఆ అవ్వ మరల పాడునని ఎవరు చెప్పగలరు?

ఖర్చు మాట ఎవరైనా ఎత్తవచ్చును. లెక్క చూడండి. 16 బిట్లతో, ఒకే మైకుతో, సెకనుకు 48,000 కొలతలు తీసినచో గంటకు సుమారు 346 మెగాబైట్లు. 8,000 అయితే 58. నూరు గంటల 48,000 రికార్డు 64 గిగాబైట్ల కార్డులో, గోరంత ముక్కలో, ఇముడుతుంది. వార్షికోత్సవపు పూలదండల పద్దు ఇంతకంటె బరువు!

కావున కళాశాల కమిటీ వారు భాషా విభాగాలకు ఒక మంచి రికార్డరు కొనియివ్వవలెను. అసలు ప్రతిని 48,000తో, కుదింపు లేకుండ భద్రపరచి, నమూనాలకు కావలసిన 16,000 ప్రతిని దానినుండి తీసుకొనవచ్చును. పాడినవారి అనుమతి, ఊరు, తేదీలతోపాటు శాంప్లింగ్ రేటును కూడా విద్యార్థులు రిజిస్టరులో వ్రాయవలెను. అది తెలియక 8,000 ఫైలును 16,000గా భావించి యంత్రానికి ఇచ్చినచో, అవ్వ పాట రెట్టింపు వేగంతో పిచ్చుక కిచకిచ వలె వినబడును.