ఆరోగ్యశ్రీలో మన వాటా ఎంత?

ఆరోగ్యశ్రీ గురించి లీడర్లు మాట్లాడంగ చాలా విన్నం. మొదట్ల 2 లక్షలన్నరు, 2023 డిసెంబరులో తెలంగాణ సర్కారు 10 లక్షలకు పెంచింది. మంచిదే. కానీ ఈ సొమ్ములో మాల మాదిగ వాడలకు చేరింది ఎంత అని ఏ సభలోనూ చెప్పరు.

ఆ లెక్క తీసినోళ్లు లేకపోలేదు. విక్టోరియా ఫ్యాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ అనే ముగ్గురు పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం అచ్చేసిండ్రు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. పథకం వచ్చిన జిల్లాల్లో, ఇంకా రాని జిల్లాల్లో కుటుంబాలు వైద్యానికి సొంతంగా పెట్టిన ఖర్చు ముందు ఎంత, తర్వాత ఎంత అని వాళ్లు పక్కపక్కన పెట్టి చూసిండ్రు. తొలి తొమ్మిది నెలల్లో దవాఖానలో చేరి చేయించుకునే వైద్యం ఖర్చు తగ్గింది. ఆ మాట దాచవలసిన పని లేదు. అయితే కొంపలు ముంచే ఖర్చు తగ్గిందని గానీ, రోగంతో పేదరికంలో పడేవాళ్లు తగ్గిండ్రని గానీ స్పష్టంగా తేలలేదు. ఇంకొక మాట కూడా రాసిండ్రు, అది మనది: మిగతా జనానికి అందినంత మేలు షెడ్యూల్డు కులాల, తెగల కుటుంబాలకు అందలేదు.

అవి మూడు జిల్లాలు, తొమ్మిది నెలలు. అప్పటి కరీంనగర్ జిల్లా అందులో లేదు. ఆ లెక్కను తెచ్చి ఇవ్వాళ్టి జగిత్యాల మీద అతికించమని మేం అనం. కానీ ఎందుకట్లయిందో మన ఇబ్రహీంపట్నం మండలంలో ఏ వాడలో కూసున్నా అర్థమయితది.

ఆరోగ్యశ్రీ ముఖ్యంగా పెద్ద జబ్బుల పథకం. గుండె, కిడ్నీ, కాన్సరు, ఆపరేషన్లు. పట్టీలో ఉన్న చికిత్సకు, పట్టీలో ఉన్న దవాఖానకు సర్కారు పైసలు కడతది. బీడీలు చుట్టే అక్కకు వచ్చేదేంది? నడుం నొప్పి, మెడ నొప్పి, దగ్గు, దమ్ము, రక్తం తక్కువ. కూలోనికి వచ్చేది జరం. దవాఖానలో పండుకుంటే తప్ప వీటికి కార్డు పలకదు. ఆరెంపీ సూదికి, మెడికల్ షాపు గోళీలకు వందా రెండొందలు పోతనే ఉంటయి. చప్పుడు లేకుండ ఇల్లు గుల్ల చేసేది ఇదే.

పెద్ద జబ్బే వచ్చిందనుకోండి. అది పెద్ద జబ్బని ముందుగాల ఎవరన్న చెప్పాలె గదా. పరీక్షలు, స్కానింగులు అయ్యి రోగం పేరు తేలేసరికే అప్పు మీద పడుతది. ఆనక కరీంనగరో హైదరాబాదో పోవాలె. ఎంబడి ఒకరుండాలె, ఇద్దరి కూలి పాయె. ఇంటాయన గల్ఫులో ఉంటే తోలుకపోయేదెవరు? భూమున్నోడు అర ఎకరం కుదువ పెట్టి ఆపరేషను బల్ల దాక చేరుతడు. భూమి లేనోని కార్డు ట్రంకు పెట్టెలనే ఉంటది.

బాబాసాహెబ్ 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో బీమా మొత్తం సర్కారు చేతిలోనే ఉండాలని రాసిండు. మనిషికి భద్రత ఎక్కువ, దేశానికి పెట్టుబడి దొరుకుతదని ఆయన లెక్క. ఆయన చెప్పింది జీవిత బీమా గురించే గానీ, మన ఆరోగ్య బీమా నడిచిన తోవ చూస్తే ఆ మాట యాదికొస్తది. తొలినాళ్లల ప్రీమియం ప్రైవేటు కంపెనీకి పోయింది. తర్వాత ట్రస్టు చేతికొచ్చినా బిల్లుల్లో పెద్ద భాగం ప్రైవేటు దవాఖానలదే. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని అవే దవాఖానలు ఆరోగ్యశ్రీ సేవలు బంద్ పెట్టినయి. వాళ్లు తలుపు మూస్తే మనకు మిగిలేది సర్కారు దవాఖానే. అక్కడ డాక్టరు, మందులు, రక్త పరీక్ష రోజూ ఉండాలె.

కార్డు వద్దని మేం అనం. దాంతో బతికినోళ్లున్నరు. లెక్క కావాలంటున్నం. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ కేసుల పట్టీలో రోగి కులం రాసే గడి ఉన్నది. ఊరు, ఆపరేషను, సొమ్ము అన్నీ అందులోనే ఉంటయి. అట్ల మండలాల వారీగా, కులాల వారీగా లెక్క బయట పెట్టుమని సమాచార హక్కు కింద జిల్లా కేంద్రంలో దరఖాస్తులు పెట్టాలె.

సర్కారు లెక్క వచ్చేదాక మనం ఊకె కూసోవద్దు. ప్రతి వాడలో ఇద్దరు పిల్లలు నోటుబుక్కు పట్టుకొని ఇల్లిల్లు తిరగాలె. పోయిన ఏడాది ఆ ఇంట్ల ఎవరికి ఏ రోగమొచ్చింది, ఎక్కడికి పోయిండ్రు, కార్డు చెల్లిందా, అప్పు ఎంతయింది, ఎవరి దగ్గర తెచ్చిండ్రు, మిత్తి ఎంత, ఇవి రాసుకోవాలె. రోగుల పేర్లు బయట పెట్టవద్దు. కాగితాలు సంఘం దగ్గర జమ చేయుండ్రి, వచ్చే సంచికలో వాడల వారీగా అచ్చేస్తం.