సంపాదకుని మాట: జ్వరం వెనుక ఏముంది?

2025 ఆగస్టు చివరి వానలకు కామారెడ్డి కాలనీలు, ఎల్లారెడ్డి చుట్టుపక్కల పొలాలు నీట మునిగాయి. వరద తర్వాత వచ్చే జ్వరం డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, ఎలుకల మూత్రం కలిసిన నీటితో సోకే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. తేడా పట్టడానికి అంటువ్యాధుల వైద్యుడు ముందు ప్రశ్నలే అడుగుతాడు: ఏ నీళ్లు తాగారు, మడిలో దిగారా, ఒంటిమీద నల్లటి పెచ్చు ఏమైనా ఉందా? ఆ చిన్న పెచ్చే మరో జ్వరమైన స్క్రబ్ టైఫస్‌ను పట్టిస్తుంది; వేళకు అందిన డాక్సీసైక్లిన్ ప్రాణం నిలుపుతుంది.

ఈ చూపు అలవడటానికి ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం మరో మూడేళ్లు. కామారెడ్డికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి విద్యార్థుల్లో కొందరైనా ఈ దారి పట్టాలి.

పాఠకులకు మనవి: జ్వరమొస్తే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి కొనుక్కోకండి, డాక్టరుకు చూపించుకోండి.