చాడీయా? హెచ్చరికయా?

తోటివాని తప్పు నుపాధ్యాయునకుఁ జెప్పిన బాలుని తక్కినవారు చాడీకోరని వెక్కిరింతురు. మేమును బాల్యమున నట్లు వెక్కిరించినవారమే. ఈ వెక్కిరింతకు వెఱచి నోరు మూసికొనుట యెంత ప్రమాదమో అమెరికాలోని కొలరాడో రాష్ట్రము కఠినముగా నేర్చుకొనినది. 1999 ఏప్రిల్ 20వ తేదీన కొలంబైన్ ఉన్నత పాఠశాలలో నిద్దఱు విద్యార్థులు తుపాకులతో 12 మంది విద్యార్థులను, ఒక యుపాధ్యాయునిఁ జంపిరి. ఇట్టి 37 ఘటనలను బరిశీలించి ఆ దేశపు సీక్రెట్ సర్వీసువారును విద్యాశాఖవారును 2002లోఁ బ్రకటించిన దేమనఁగా, నూటికి 81 సందర్భములలో ఆ దురాలోచన ముందుగనే మఱియొకరికిఁ దెలిసియుండెను. తెలిసినవారిలోఁ బెక్కురు తోటి పిల్లలే.

ఈ మౌనమును జెఱుపుటకై 2004లో సేఫ్ టు టెల్ అను పథకము వెలసినది. పిల్లవాఁడు పేరు చెప్పనక్కఱలేదు. రేయింబవళ్లలో నెప్పుడైనను వార్త నంపవచ్చును. అది పాఠశాలకును, పోలీసులకును జేరును. 2014లో శాసనమువలన నీ పథకము అటార్నీ జనరల్ కార్యాలయమునఁ జేరినది. మిషిగన్, పెన్సిల్వేనియా రాష్ట్రములును ఇట్టి శాసనములఁ జేసికొనినవి. అచ్చటి ప్రభుత్వములు ఏటేట నివేదికలఁ బ్రకటించుచున్నవి.

వానిని లోకులు చదువు తీరు మాకు నచ్చదు. వార్తల సంఖ్య పెరిగినచోఁ బాఠశాలలు చెడెనని యొకరు, పథకము ఫలించెనని యింకొకరు! ఒక్క ఘటననే పదిమంది తెలుపవచ్చును; పరిహాసమునకుఁ బంపువారును గలరు. పెరిగిన దపాయమో, నమ్మకమో, సంఖ్య యొక్కటియే చెప్పఁజాలదు. మఱి తుపాకి భయమునఁ బుట్టిన యీ పథకములకు వచ్చు వార్తలలో ముందు వరుస నుండునవి ఆత్మహత్యాలోచనలును, తోటివారి వేధింపులును. అర్ధరాత్రమున స్నేహితురాలి మాటలకుఁ గలవరపడి, పెద్దలను లేపుటకు భయపడి, ఏ పిల్లయో పంపిన వార్త యది. ఆ యింటి తలుపు నెవరు తట్టిరి? మఱునాఁడు బడిలో నామెతో నెవరు మాటాడిరి? నెల గడచిన పిమ్మట నెట్లున్నది? పేరులు చెప్పకయే ఈ సంగతులను మొత్తముగాఁ దెలుపవచ్చును. మే మైనచో నివేదికలో మొదట వానినే వెదకుదుము. సంఖ్యను దరువాతఁ జూతుము.

పట్టీలు నింపుటలో నారితేరినవారము గావుననే యిట్లనుచున్నాము. ఒకానొక సాయంకాలము గంట కొట్టిన పిమ్మట నొక బాలిక మా తరగతి గుమ్మమున నిలిచినది. మేము మార్కులు కూడుచు, రేపు రమ్మని చేసైగ చేసితిమి. ఆమె మరల రాలేదు. ఏమి చెప్పఁదలఁచెనో నేఁటికిని మాకుఁ దెలియదు. ఆనాఁటి పట్టీలో నామె హాజరే.