నెట్ స్లో అయితే తప్పు ఎవరిది? మీ కంప్యూటర్ లెక్క రాసి పెడుతోంది.. ఎప్పుడైనా చూశారా?

2025 సెప్టెంబర్ 6, శనివారం. సౌదీ అరేబియాలోని జెడ్డా దగ్గర ఎర్ర సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుళ్లు తెగిపోయాయి. సీ-మీ-వీ 4, ఐఎంఈడబ్ల్యూఈ కేబుళ్లలో లోపం వచ్చిందని ఇంటర్నెట్‌ను గమనించే నెట్‌బ్లాక్స్ సంస్థ చెప్పింది. భారత్, పాకిస్థాన్ సహా పలు దేశాల్లో నెట్ నెమ్మదించింది. పశ్చిమాసియా మీదుగా వెళ్లే డేటా ఆలస్యం కావొచ్చని మైక్రోసాఫ్ట్ కూడా తన క్లౌడ్ కస్టమర్లను హెచ్చరించింది.

ఇలాంటి రోజున మన ఇళ్లలో ఏం జరుగుతుంది? హైదరాబాద్‌లో ఇంటి నుంచి పని చేస్తున్న ఉద్యోగికి లండన్ మీటింగ్‌లో మాట తెగిపోతుంది. ముందుగా రౌటర్‌ను ఆఫ్ చేసి ఆన్ చేస్తారు. తర్వాత కేబుల్ అబ్బాయికి ఫోన్. ఆ తర్వాత కస్టమర్ కేర్. అక్కడి నుంచి వచ్చే జవాబు అందరికీ తెలిసిందే.. "మా వైపు అంతా బాగానే ఉంది సార్."

మరి తప్పు ఎవరిది? ఇంటిదా, కంపెనీదా, సముద్రానిదా? దీనికి సంబంధించిన ఆధారం చాలావరకు మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. అదే ఐసీఎంపీ లెక్క.

ఏంటీ ఐసీఎంపీ?

ఇంటర్నెట్ కంట్రోల్ మెసేజ్ ప్రోటోకాల్. పేరు పెద్దదే కానీ పని సింపుల్. మనం పంపే డేటా పోస్టులో వేసిన ఉత్తరం లాంటిదైతే, ఐసీఎంపీ మెసేజ్ అనేది "ఈ అడ్రస్‌లో ఎవరూ లేరు" అని తిరిగొచ్చే చీటీ లాంటిది. వీడియో, ఫొటో, మెయిల్ ఇవేవీ అందులో ఉండవు. దారి గురించిన కబురు మాత్రమే ఉంటుంది.

జాన్ పోస్టెల్ రాసిన దీని ప్రమాణం 1981 సెప్టెంబర్‌లో వచ్చింది. 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ అనే అమెరికన్ ఇంజినీర్ దీని ఆధారంగా "పింగ్" ప్రోగ్రామ్ రాశారు. జలాంతర్గాములు శబ్దం పంపి, ప్రతిధ్వని వినే పద్ధతి నుంచి ఆ పేరు తీసుకున్నారు. నలభై ఏళ్లు దాటినా నెట్ ఇంజినీర్ మొదట కొట్టే కమాండ్ ఇప్పటికీ ఇదే.

ఎక్కడ చూడాలి?

విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో నెట్‌స్టాట్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి హైఫన్ ఎస్ అని టైప్ చేస్తే చాలు. ఐసీఎంపీ పేరుతో పట్టిక వస్తుంది. వచ్చినవి ఎన్ని, పంపినవి ఎన్ని అని రెండు వరుసలు ఉంటాయి. లైనక్స్‌లోనూ ఇదే కమాండ్ పని చేస్తుంది. అంకెలు కదులుతుంటే గ్రాఫ్‌లో చూడాలంటే విండోస్‌లోనే పెర్ఫార్మెన్స్ మానిటర్ ఉంది. అందులో ఐసీఎంపీ కౌంటర్లను చేర్చుకుంటే సెకను సెకనుకు లెక్క కనిపిస్తుంది. అదనంగా ఏ సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ అంకెలు కంప్యూటర్ రీస్టార్ట్ అయినప్పటి నుంచి కలుపుకుంటూ పోతాయి. "డెస్టినేషన్ అన్‌రీచబుల్ 400" అని కనిపించగానే కంగారు పడక్కర్లేదు. అది పది రోజుల మొత్తం కావొచ్చు. ఇప్పుడొకసారి, పది నిమిషాల తర్వాత మరోసారి చూసి తేడా తీయాలి. కరెంట్ మీటర్ రీడింగ్ లాగే.. మొత్తం కాదు, తేడానే బిల్లు.

ఇంకొకటి. ఐపీవీ6 వాడకంలో ప్రపంచంలోనే భారత్ ముందు వరుసలో ఉంది. దాని లెక్క ఐసీఎంపీవీ6 పేరుతో విడిగా ఉంటుంది. చాలామంది పాత పట్టిక ఒక్కటే చూసి "ఏ సమస్యా లేదు" అనేసుకుంటారు. రెండూ చూడాల్సిందే.

ఏ అంకె ఏం చెబుతుంది?

డెస్టినేషన్ అన్‌రీచబుల్: "అక్కడికి చేరలేను" అనే కబురు. వచ్చిన వరుసలో ఇది వేగంగా పెరుగుతుంటే దారి లేదనో, అవతలి వైపు తలుపు మూసేశారనో అర్థం. పంపిన వరుసలో పెరుగుతుంటే కథ వేరు. మన కంప్యూటర్‌లో తెరిచి లేని తలుపులను ఎవరో తడుతున్నారు. ఆలస్యంగా వచ్చిన జవాబుల వల్ల అప్పుడప్పుడూ ఒకటీ అరా పెరగడం మామూలే. నిమిషానికి వందల్లో పెరిగితే మాత్రం పట్టించుకోవాలి.

టైమ్ ఎక్సీడెడ్: డేటా దారిలోనే తిరిగి తిరిగి ఆయుష్షు అయిపోయింది. ట్రేస్‌రూట్ కొట్టినప్పుడు ఇది పెరగడం సహజం. ఏమీ చేయకుండానే పెరుగుతుంటే ఎక్కడో రెండు రౌటర్లు డేటాను ఒకదానికొకటి నెట్టుకుంటున్నాయని అనుమానించాలి.

రీడైరెక్ట్: "ఈ దారి కాదు, ఆ దారిలో వెళ్లు" అనే సలహా. ఇంట్లో ఒకే రౌటర్ ఉంటే ఈ అంకె సాధారణంగా సున్నా ఉండాలి. పెరుగుతోందంటే సెట్టింగ్ తప్పైనా ఉండాలి, అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా మన డేటాను తమవైపు తిప్పుకునే ప్రయత్నమైనా చేస్తుండాలి. హాస్టల్ వైఫై, ఆఫీస్ నెట్‌వర్క్ వాడేవాళ్లు చూడాల్సిన అంకె ఇది.

ఎకో, ఎకో రిప్లై: పింగ్ పంపినది, దానికి వచ్చిన జవాబు. వంద పంపితే తొంభై జవాబులే వస్తే పది శాతం దారిలో పోయినట్టు. ఇంటి రౌటర్ వెనుక ఉన్న కంప్యూటర్‌కు బయటి పింగ్‌లు మామూలుగా చేరవు. అయినా "వచ్చిన ఎకో" సంఖ్య దూసుకుపోతుంటే ఆ పని చేస్తున్న పరికరం ఇంట్లోనే, అదే వైఫై మీదే ఉండొచ్చు.

అసలు మెలిక ఇక్కడే

మళ్లీ ఎర్ర సముద్రం దగ్గరకు వద్దాం. కేబుల్ తెగిన రోజు ఈ పట్టికలో తప్పుల సంఖ్య అమాంతం పెరగాలి కదా? చాలాసార్లు పెరగదు. ఎందుకంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు, పొడవైంది అంతే.

ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ప్రతి 1000 కిలోమీటర్ల దూరానికి వెళ్లి రావడానికి 10 మిల్లీ సెకన్లు పడుతుంది. హైదరాబాద్ నుంచి లండన్‌కు సూటిగా కొలిస్తే దాదాపు 7,700 కిలోమీటర్లు. గీత గీసినట్టు కేబుల్ వేసినా 77 మిల్లీ సెకన్లకు తగ్గదు. అదే డేటా చెన్నై, సింగపూర్, పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ చుట్టి లండన్ చేరాలంటే దూరం 25 వేల కిలోమీటర్లు దాటుతుంది. అప్పుడు వెళ్లి రావడానికే పావు సెకను పైన పడుతుంది. ఏ కస్టమర్ కేర్ కూడా దీన్ని తగ్గించలేదు.

పైగా మిగిలిన కేబుళ్ల మీద రద్దీ పెరుగుతుంది. రద్దీలో రౌటర్ డేటాను వదిలేస్తుంది కానీ వదిలేశానని కబురు పెట్టదు. గతంలో అందుకోసం "సోర్స్ క్వెంచ్" అనే మెసేజ్ ఉండేది. అది ఉపయోగపడటం లేదని 2012లో అధికారికంగా పక్కన పెట్టేశారు. పట్టికలో ఆ గడి ఇంకా కనిపిస్తుంది, కానీ సున్నా దగ్గరే ఉంటుంది. కాబట్టి తప్పుల గడులు ప్రశాంతంగా ఉండి, పింగ్ సమయం రెండింతలు మూడింతలు అయితే సమస్య దూరానిదో, రద్దీదో అని అర్థం.

మూడు పింగ్‌లు.. ఒక తీర్పు

మొదటి పింగ్ ఇంటి రౌటర్‌కు. ఇక్కడే జవాబులు పోతుంటే తప్పు ఇంట్లోనే. వైఫై, వైరు, రౌటర్.. వీటిలో ఏదో ఒకటి. రెండోది దేశంలోనే ఉన్న సర్వర్‌కు. ఇల్లు బాగుండి ఇది తడబడితే కనెక్షన్ ఇచ్చిన కంపెనీని అడగొచ్చు. మూడోది విదేశంలోని ఆఫీస్ సర్వర్‌కు. మొదటి రెండూ బాగుండి ఇది ఒక్కటే ఆలస్యమైతే సమస్య దేశం దాటాక ఉండే అవకాశాలే ఎక్కువ.

మూడోదానికి పెద్ద పెద్ద వెబ్‌సైట్ల పేర్లు వాడితే లాభం లేదు. యూట్యూబ్ లాంటి సంస్థలు మన దేశంలోనే సర్వర్లు పెట్టుకున్నాయి. అందుకే సముద్రంలో కేబుల్ తెగినా యూట్యూబ్ వీడియో ఆగదు, లండన్ ఆఫీస్ ఫైల్ మాత్రం తెరుచుకోదు.

ట్రేస్‌రూట్ చూసి గొడవపడేవాళ్లు మరో పొరపాటు చేస్తారు. మధ్యలో ఒక రౌటర్ దగ్గర నక్షత్రం గుర్తులు కనిపించగానే తప్పు అక్కడే అనుకుంటారు. చాలా రౌటర్లు అసలు పనికే ప్రాధాన్యం ఇచ్చి, ఇలాంటి ప్రశ్నలకు జవాబులు తగ్గించేస్తాయి. చివరి గమ్యం సరిగ్గా పలుకుతుంటే మధ్యలోని మౌనం నేరం కాదు.

భయంతో అన్నీ మూసేస్తే?

ఐసీఎంపీకి చెడ్డపేరు కూడా ఉంది. 65,535 బైట్లు దాటిన పింగ్‌తో కంప్యూటర్లను పడగొట్టే "పింగ్ ఆఫ్ డెత్" గురించి 1996 డిసెంబర్‌లో హెచ్చరికలు వచ్చాయి. ఒక్క పింగ్‌తో నెట్‌వర్క్ మొత్తాన్నీ బాధితుడి మీదకు ఉసిగొల్పే "స్మర్ఫ్" దాడిపై 1998 జనవరిలో హెచ్చరించారు. 2016 నవంబర్‌లో డెన్మార్క్ టెలికాం సంస్థ టీడీసీ నిపుణులు "బ్లాక్‌నర్స్" దాడిని బయటపెట్టారు. డెస్టినేషన్ అన్‌రీచబుల్ మెసేజ్‌లను సెకనుకు 15 నుంచి 18 మెగాబిట్ల చొప్పున పంపితేనే కొన్ని ఫైర్‌వాల్స్ చేతులెత్తేశాయి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు ఉండే వేగమే అది.

దీంతో కొన్ని ఆఫీసుల్లో ఐసీఎంపీని మొత్తం బ్లాక్ చేసేశారు. దొంగ వస్తాడని పోస్ట్‌మ్యాన్‌ను కూడా ఆపేసినట్టయింది. "ఈ ప్యాకెట్ పెద్దది, చిన్నది చేసి పంపు" అని చెప్పేది కూడా ఐసీఎంపీయే. మామూలుగా ప్యాకెట్ సైజు 1500 బైట్లు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో అది 1492 మాత్రమే. ఆ కబురు అందకపోతే లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, ఫైల్ అప్‌లోడ్ మాత్రం సగంలో నిలబడిపోతుంది. ఐపీవీ6లో దీన్ని మొత్తం ఆపేస్తే పక్కనున్న రౌటర్‌ను కనుక్కోవడం కూడా కష్టమే. మూసేయడం కన్నా పరిమితి పెట్టి, లెక్క గమనించడమే సరైన పద్ధతి.

ఇదంతా ఇప్పుడెందుకు?

ఒక కంప్యూటర్ లెక్క ఒక ఇంటి కథ చెబితే, లక్షల పింగ్‌ల లెక్క ఒక దేశం కథ చెబుతుంది. అమెరికాలో జార్జియా టెక్ నడిపే ఐఓడీఏ ప్రాజెక్ట్ ప్రపంచమంతటా నెట్ అడ్రస్‌లను పింగ్ చేస్తూ ఉంటుంది. జవాబులు ఒక్కసారిగా పడిపోతే అక్కడ నెట్ పోయినట్టే. 2025 సెప్టెంబర్ 29న అఫ్గానిస్థాన్‌లో తాలిబన్ పాలకులు దేశవ్యాప్తంగా నెట్ ఆపేస్తే, లోపలి నుంచి ఎవరూ మాట్లాడలేని ఆ సమయంలో బయటి నుంచి తీసిన కొలతలే ప్రపంచానికి విషయం చెప్పాయి. అక్టోబర్ 1న నెట్ తిరిగి వచ్చిందీ అలాగే తెలిసింది.

మన వైపు చూస్తే, ఇప్పటివరకు సముద్ర కేబుళ్లు ఎక్కువగా ముంబై, చెన్నైలోనే ఒడ్డుకు చేరుతున్నాయి. 2025 అక్టోబర్ 14న గూగుల్ ప్రకటించిన 15 బిలియన్ డాలర్ల విశాఖ ప్రాజెక్టులో సముద్ర కేబుళ్ల గేట్‌వే కూడా ఉంది. తూర్పు తీరంలో మరో తలుపు తెరుచుకుంటే పడమట కేబుల్ తెగిన రోజున దెబ్బ తగ్గే అవకాశం ఉంటుంది. తగ్గిందో లేదో రేపు తేల్చేది కూడా ఈ మిల్లీ సెకన్ల లెక్కే.

వినియోగదారుడి చేతిలోనూ ఒక ఆయుధం ఉంది. ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా ప్రమాణాల్లో స్పీడ్‌తో పాటు ఆలస్యం, ప్యాకెట్ నష్టం కూడా ఉన్నాయి. అంటే "స్పీడ్ టెస్ట్ బాగానే వచ్చింది కదా" అనేది పూర్తి జవాబు కాదు. తేదీ, టైమ్‌తో మూడు పింగ్‌ల ఫలితాలు, పది నిమిషాల తేడాతో తీసిన రెండు ఐసీఎంపీ పట్టికలు స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జత చేయాలి. డాకెట్ నంబర్ తప్పక తీసుకోవాలి. అక్కడ తేలకపోతే కంపెనీలోనే ఉండే అప్పీలేట్ అథారిటీకి వెళ్లొచ్చు.

నెట్ బాగున్న రోజునే ఒకసారి ఈ లెక్క చూసి రాసి పెట్టుకోవడం మంచిది. జ్వరం వచ్చిందో లేదో తెలియాలంటే మామూలు ఉష్ణోగ్రత ఎంతో ముందు తెలిసి ఉండాలి కదా. ఈసారి ఫోన్‌లో "మా వైపు అంతా బాగానే ఉంది సార్" అని వినిపిస్తే, చేతిలో ఆ రెండు అంకెలు ఉన్నవాళ్ల మాటకు బరువు ఉంటుంది.