కాళ్ల పక్కన తిరిగే చక్రం

పాత కారు గురించి మాట్లాడేటప్పుడు అందరికీ కార్బురేటర్ గుర్తొస్తుంది, సైలెన్సర్ మోత గుర్తొస్తుంది. ఫ్లైవీల్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య, బెల్ హౌసింగ్ లోపల, క్లచ్‌ను మోస్తూ తిరిగే బరువైన ఇనుప పళ్లెం అది. ఇంజన్ ముందుండి, వెనక చక్రాలు నడిపే పాత బండ్లలో అది డ్రైవర్ పాదాలకు కాస్త ముందే తిరుగుతుంది. అడ్డంగా ఉండేది ఒక పల్చటి కాస్టింగ్, దాని వెనక ఒక రేకు. అంతే.

ఈ వారం దీని గురించే రాయడానికి కారణం మా బావ. జోగిపేటలో ఆయనకు 1960ల నాటి అంబాసిడర్ ఉంది. ఒక్కసారైనా దాన్ని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద తిప్పాలని ఆయన కోరిక. మొన్న ఫోన్ చేసి, "బామ్మర్దీ, ఫ్లైవీల్ బరువు తగ్గిస్తే బండి ఉరుకుతదంట. పటాన్‌చెరుల లేత్ మీద గీకిపిచ్చుకొస్త" అన్నాడు. నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. అయినా ఇంట్లో ఏ మెషీన్ మాట వచ్చినా నాకే ఫోనొస్తుంది. "రెండు రోజులాగు బావా, లెక్క వేసి చెప్త" అన్నాను.

ఆ లెక్క మీరూ చూడండి. అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్ బ్రిటన్ బీఎంసీ వాళ్ల బీ-సిరీస్ కుటుంబానిది. నాలుగు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటాయి. 4,200 ఆర్‌పీఎం దగ్గర 50 హార్స్‌పవర్ ఇస్తుంది. ఫ్లైవీల్ వ్యాసం 30 సెంటీమీటర్లు అనుకుందాం. 4,200 దగ్గర దాని అంచు గంటకు 237 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. రేసు కోసం ఇంజన్‌ను 6,000 దాకా లాగితే ఆ వేగం 339కి చేరుతుంది. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్ల లోపే. కానీ చక్రాన్ని చీల్చాలని చూసే ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది రెట్టింపైంది.

మామూలు బండ్ల ఫ్లైవీల్ ఎక్కువగా పోత ఇనుముతో చేస్తారు. పోత ఇనుము నొక్కితే బాగా ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. ఉక్కులాగా ముందు సాగి, వంగి, హెచ్చరించి తెగదు. సన్న పగులు ఉంటే అక్కడినుంచే ఒక్కసారిగా పోతుంది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లోని కేస్ స్కూల్‌లో చార్లెస్ బెంజమిన్ అనే ప్రొఫెసర్ 1890ల చివర్లో చిన్న చిన్న పోత ఇనుప ఫ్లైవీళ్లు చేయించి, పగిలేదాకా తిప్పి చూశాడు. అతుకు లేని మంచి చక్రాలు కూడా అంచు వేగం సెకనుకు సుమారు 400 అడుగులకు వచ్చేసరికి ముక్కలయ్యాయి. గంటకు 439 కిలోమీటర్లన్నమాట. అవి ఆకులున్న చక్రాలు, మనది నిండు పళ్లెం, నిజమే. కానీ అవి పరీక్ష కోసం కొత్తగా పోసినవి. మనది అరవై ఏళ్లు క్లచ్ వేడికి కాలి, చల్లారి, మళ్లీ కాలినది.

దీని అసలు ప్రమాదం ఎంతో చెప్పడానికి డాన్ గార్లిట్స్ కథ చాలు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్ మీద ఆయన బండి గేర్‌బాక్స్ పేలింది. కుడి పాదంలో కొంత భాగం పోయింది. పేలింది ఫ్లైవీల్ కాదు గానీ, అదీ కాళ్ల దగ్గర తిరిగే ఇనుమే. ఆయన తర్వాత ఇంజన్‌ను డ్రైవర్ వెనక్కి మార్చి కొత్త బండి కట్టాడు. మన అంబాసిడర్‌కు ఆ వీలు లేదు కదా.

పటాన్‌చెరులో బావ చూపించిన లేత్ షాపుకు ఇద్దరం వెళ్లాం. ఆ పెద్దమనిషి నిజాయితీగా మాట్లాడాడు. "మీరు చెప్పిన సైజుకు కోస్త సార్. లోపల ఏమున్నదో నేనెట్ల చెప్పాలె?" అన్నాడు. నా దృష్టిలో ఈ విషయం మొత్తం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. "ఎంతో మందికి గీకిచ్చిన, ఏం కాలే" అన్న మాట ఆ చక్రాలకు సాక్ష్యం, ఈ చక్రానికి కాదు.

మరి ఏం చేయాలి? మూడు దార్లున్నాయి.

మొదటిది, రేసు కోసమే చేసిన ఉక్కు ఫ్లైవీల్ కొనడం. ఇదే బీ-సిరీస్ ఇంజన్ 1950ల ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఉంది కాబట్టి బ్రిటన్‌లో వెతకొచ్చు. డబ్బు కట్టే ముందు క్రాంక్ షాఫ్ట్ ఫ్లాంజ్ కొలత, బోల్టుల లెక్క, రింగ్ గేర్ పళ్ల లెక్క సరిచూసుకోవాలి. అమెరికాలోనైతే ఫ్లైవీల్, క్లచ్‌లకు ఎస్ఎఫ్ఐ 1.1 అనే భద్రతా ప్రమాణమే ఉంది.

రెండోది, ఇక్కడే చేయించడం. ఈఎన్24 లాంటి ఫోర్జింగ్ ఉక్కు దిమ్మ, దానితో మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్, లోపల లోపాలకు అల్ట్రాసోనిక్ పరీక్ష, డ్రాయింగ్ ప్రకారం కోత, చివర్లో బ్యాలెన్సింగ్. అంచు దగ్గర బరువు తగ్గించొచ్చు గానీ, బోల్టుల చుట్టూ, క్లచ్ రాసుకునే ముఖం వెనక పల్చన చేయకూడదు. బ్యాలెన్సింగ్ ఎందుకంటారా? మధ్యనుంచి 12 సెంటీమీటర్ల దూరంలో 10 గ్రాములు ఎక్కువుంటే, 6,000 ఆర్‌పీఎం దగ్గర అది 48 కిలోల బరువంత బలంతో క్రాంక్‌ను గుంజుతుంది. ప్రెజర్ ప్లేటూ అదే వేగంతో తిరుగుతుంది కాబట్టి దానికీ ఇదే నియమం. బోల్టులు కొత్తవే వేయాలి. బెల్ హౌసింగ్ చుట్టూ ఉక్కు కవచం ఉండాలి.

మూడోది అన్నిటికంటే చవక. పాతదాన్ని గీకకుండా, పగుళ్లు లేవని పరీక్ష చేయించి, 4,500 దాటకుండా నడపడం. తేలిక ఫ్లైవీల్ హార్స్‌పవర్ పెంచదు, ఇంజన్‌ను త్వరగా లేపుతుంది, అంతే. ఆ తేడా కూడా కింది గేర్లలోనే బాగా తెలుస్తుంది.

బావ మూడోదే ఎంచుకున్నాడు. ఫ్లైవీల్ విప్పించి, శుభ్రంగా కడిగించి, డై పెనెట్రెంట్ పరీక్ష చేయించాం. ఎర్ర రంగు పూసి, తుడిచి, పైన తెల్ల పొడి కొడతారు. పగులు ఉంటే అందులో దాగిన రంగు బయటికొస్తుంది. ఒక బోల్టు రంధ్రం నుంచి అంచు వైపు వేలెడు పొడవున ఎర్ర గీత తేలింది. ఆ బండిలోనే అక్క, పిల్లలు పోయిన నెల సంగారెడ్డికి పెళ్లికి వెళ్లొచ్చారు. బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గీకిపిచ్చి ఉంటే?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

ఇప్పుడు రెండో దారిలో ఉన్నాం. ఖర్చు ఎక్కువే, ఈ ఏడు ట్రాక్ లేనట్టే. పాత ఇంజన్ మీద ఇష్టమున్నవాళ్లకు నేను చెప్పేదొకటే. ఫ్లైవీల్ కొనేటప్పుడు బరువు కంటే ముందు దాని పుట్టుక అడగండి. ఏ ఉక్కు, ఎవరు పరీక్షించారు, కాగితమేది? జవాబు లేకపోతే ఎంత నున్నగా మెరిసినా వదిలేయండి.

పగిలిన పాతదాన్ని తుక్కుకు వేసే ముందు రెండు ముక్కలు చేయించాం. అట్లాగే ఇచ్చేస్తే, ఎవరో కడిగి, రంగేసి, మరొకరి కాళ్ల పక్కన బిగిస్తారు.