ఇరవై అంకెల అనాథ

చదరంగం కథ మీకందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడోదాన్లో నాలుగు... అలా అరవై నాలుగు గళ్ళూ నింపమన్నాడట ఓ గడుసువాడు రాజుగార్ని. మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు!

ఈ ఇరవై అంకెల్నీ ఒక చంపకమాలలో బిగించినవాడు పావులూరి మల్లన. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన మహానుభావుడు. నన్నయ కాలంవాడని కొందరు, కాదు తర్వాతివాడని కొందరు. ఆ కొట్లాట పండితులకొదిలేద్దాం. పద్యంలో అంకెలుండవు, మాటలే. వేదమంటే నాలుగు, ఏనుగంటే ఎనిమిది, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానంతో మొదలెట్టి, కుడినుంచి ఎడమకి వేసుకుంటూ పోవాలి.

మరి ఇంతటివాడికి మనమిచ్చిన చోటేది? తెలుగు వాళ్ళేమో "శాస్త్రగ్రంథం, రసం లేదు" అంటారు. లెక్కల వాళ్ళేమో "పద్యం కదండీ" అని తప్పుకుంటారు. ఇక మిగిలింది సభావేదిక. ఒకాయన గొంతు సవరించుకుని చదవడం, "చూశారా మన పూర్వుల ప్రతిభ!" అనడం, చప్పట్లు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అయ్యా, తమరెప్పుడైనా లెక్క వేసి చూశారా?

అరవై మూడుసార్లు రెట్టించక్కర్లేదు. రెండుని రెండుతో హెచ్చవేస్తే నాలుగు, నాలుగుని నాలుగుతో పదహారు, తర్వాత 256, 65,536. అలా ఆరో హెచ్చవేతకి వచ్చినదాన్లోంచి ఒకటి తీసేస్తే మల్లన సంఖ్యే. ఆ ఒకటి తీసెయ్యడంలోనే ఉంది తమాషా! ఈ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరింటి లబ్ధం. ఇలాంటివన్నీ ప్రధానసంఖ్యలేనని నమ్మాడు ఫ్రాన్సు దేశపు ఫెర్మా. 1732లో ఆయిలర్ అనే ఆయన ఆరోదాన్ని 641తో భాగించి, 6700417 వచ్చిందని చూపించి ఆ నమ్మకాన్ని పగలగొట్టాడు. ఇదంతా మల్లనకి ముందే తెలుసని మాత్రం దయచేసి మొదలెట్టకండి. ఆయన చెప్పినది చాలదూ?

నేను చదివింది ఆర్ట్సు. "నీకు లెక్కలెందుకమ్మా, కథలు రాసుకో" అన్నవాళ్ళు కోకొల్లలు. మా శ్రీకాకుళం వైపు కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టే ఒక అప్పకి ఈ లెక్క చెప్పాను. ఇరవై గళ్ళకే పది లక్షలు దాటాయనేసరికి చేట కింద పెట్టేసింది. "అరవై నాలుగు గళ్ళే? ఇంకేటున్నాదమ్మా, బూమ్మీద కళ్ళాలు సాలవు!" అంది. నిజమే. వడ్లగింజ పాతిక మిల్లీగ్రాములనుకున్నా 46 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఇప్పుడు ఏడాదికి పండిస్తున్నది 80 కోట్ల టన్నుల దరిదాపు. అంటే అయిదు వందల డెబ్భై ఏళ్ళ పంట! బడికెళ్ళని అప్పకి అందినది బి.ఏ. పిల్లకి అక్కర్లేదా?

గురజాడ పేరు చెప్పుకుని విజయనగరంలోనూ, గిడుగు పేరు చెప్పుకుని శ్రీకాకుళంలోనూ సభలు చేసే పెద్దలకి ఒకటే మనవి. ఈసారి ఆ పద్యం చదివేటప్పుడు పక్కన నల్లబల్ల పెట్టించండి. తెలుగు మాస్టారు ఒక్కో మాటకీ అర్థం చెప్పాలి, లెక్కల మాస్టారు ఆ ఆరు హెచ్చవేతలూ చేయించాలి. సుద్దముక్క పట్టుకోడానికి ఎనిమిదో క్లాసు ఆడపిల్లని పిలవండి.