డీబగ్ తీసేస్తే ఏం మిగులుతుంది?

నల్లగొండలోనో పాలమూరులోనో ఏదైనా ఇంజనీరింగ్ కాలేజీ లాబ్‌కి వెళ్ళి, లినక్స్ కెర్నెల్‌ని సొంతంగా బిల్డ్ చేసిన పిల్లల్ని మొదట ఏం చేశారో అడిగి చూడండి. చాలామంది నోట వచ్చేది ఒకటే జవాబు: "డీబగ్ అంతా తీసేసిన సార్." మెనూకాన్ఫిగ్‌లో అట్టడుగున 'కెర్నెల్ హ్యాకింగ్' అని ఒక విభాగం ఉంటుంది. అందులోకి పోయి కనపడ్డ నక్షత్రం గుర్తునల్లా ఊడబీకి బయటికొస్తారు. చూసి నేర్చుకున్న వీడియో అట్లాగే చెప్పింది మరి. ఆ వీడియో చేసినాయనకు ఇంకెవరి వీడియోనో చెప్పి ఉంటుంది.

"దాంతో ఏమొచ్చింది?" అంటే, "కెర్నెల్ లైటయింది సార్."

"లైటయిందని ఎట్ల తెలిసింది?"

"ఫోల్డర్ సైజు చూసిన సార్. ఇరవై జీబీ దాటుండె. ఇప్పుడు మూడు నాలుగే."

పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. హైదరాబాద్‌లో జీతాలు తీసుకుంటున్న పెద్దవాళ్ళు కూడా ఇదే మాట కాస్త ఇంగ్లిష్ కలిపి చెబుతారు. డీబగ్ ఆప్షన్లు రాసేవాడి సౌకర్యం కోసం, వాడేవాడికి బరువు, ఫీల్డ్‌లోకి పోయే కెర్నెల్‌లో అవి ఉండకూడదు. ఇదీ వాళ్ళ వాదన. వినడానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ దేన్ని తీస్తే ఏది తగ్గుతుందో చూడకుండా 'డీబగ్' అనే పేరు చూసి తీసేయడం పొదుపు కాదు.

ముందు ఆ ఇరవై జీబీ సంగతి చూద్దాం. అందులో చాలా భాగం 'డీబగ్ ఇన్ఫో' అనే ఆప్షన్ పెట్టిన సరుకు. ఏ మెషీన్ కోడ్ ఏ సోర్స్ ఫైల్లో ఏ లైను నుంచి పుట్టిందో చెప్పే పట్టిక అది. బిల్డ్ ముగిశాక వీఎంలినక్స్ అనే ఫైల్లో, మాడ్యూల్ ఫైళ్ళలో కూర్చుంటుంది. మన పీసీ బూట్ అయ్యేది ఆ వీఎంలినక్స్‌తో కాదు, అందులోంచి పట్టిక వలిచేసి, మిగిలింది కుదించి చేసిన బీజడ్‌ఇమేజ్‌తో. పట్టిక ఉన్నా లేకపోయినా దాని సైజు పది పదిహేను ఎంబీల దగ్గరే ఉంటుంది. ప్రాసెసర్ నడిపే సూచనల్లో తేడా ఉండదు. అంటే వేగం కోసమని తీసేసిన ఆ ఆప్షన్ అసలు వేగాన్ని ముట్టుకోనే ముట్టుకోదు. అది తినేది బిల్డ్ చేసే మెషీన్ డిస్కుని, లింక్ చేసే సమయంలో దాని ర్యామ్‌ని. నాలుగు జీబీల లాబ్ మెషీన్‌కి అది కష్టమే, కాదనను. ఆ కష్టం బిల్డ్ మెషీన్‌ది. ఫీల్డ్‌లో పెట్టే పెట్టెకు దాంతో సంబంధం లేదు.

ఈ అపోహకు ఇంకో మూలం ఉంది. మాడ్యూళ్ళను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వాటిలోని పట్టికను వలవకపోతే, అవన్నీ బూట్ మొదట్లో లోడయ్యే ఇనిట్‌ఆర్‌డీ ఫైల్లోకి ఎక్కి అది వందల ఎంబీలకు ఉబ్బుతుంది. బూట్ పార్టిషన్ నిండిపోతుంది, లేదా బూట్ సగంలో ఆగుతుంది. "చూశారా, డీబగ్ పెడితే బూట్ కూడా కాలేదు" అన్న కథ ఇక్కడే పుడుతుంది. దానికి మందు ఆప్షన్ తీసేయడం కాదు. మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ కమాండ్‌కి 'ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్' విలువ ఒకటని ఇస్తే చాలు. ఒక్క మాట టైపు చేయడం తెలియక ఒక ఆప్షన్‌కి చెడ్డపేరు తగిలించాం.

ఇప్పుడు పెట్టె పెట్టిన చోటికి పోదాం. దేవరకొండ అవతల ఒక తండాలోనో, అమ్రాబాద్ గుట్టల మీదనో లినక్స్ నడిచే పెట్టె ఒకటి ఉందనుకోండి. నీళ్ళ మట్టం కొలిచేదో, కెమెరాల రికార్డరో, స్కూల్లో సర్వరో, ఏదైనా కానివ్వండి. ఒక రాత్రి కెర్నెల్ పడిపోతుంది. పొద్దున ఎవరో తెరని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఫొటోలో సగం ట్యూబ్‌లైట్ మెరుపే. మిగిలిన సగంలో కాల్ ట్రేస్ ఉంటుంది. 'కాల్‌సిమ్స్' ఆప్షన్ ఉంచితే అక్కడ ఫంక్షన్ల పేర్లు, ఆ ఫంక్షన్ మొదలు నుంచి ఎన్ని బైట్ల దూరంలో పడిందో కనపడతాయి. అదే బిల్డ్ వీఎంలినక్స్ మన దగ్గర డీబగ్ ఇన్ఫోతో సహా ఉంటే, కెర్నెల్ సోర్స్‌తో వచ్చే డీకోడ్ స్క్రిప్టుకి ఆ పేరూ దూరమూ ఇచ్చి, ఫైలు పేరూ లైను నంబరూ రాబట్టొచ్చు. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు బస్సెక్కి పోనక్కర్లేదు. 'లైట్' కోసం కాల్‌సిమ్స్ కూడా తీసేస్తే ఫొటోలో పదహారేసి అంకెల హెక్స్ వరసలు తప్ప ఏమీ ఉండవు.

ఇంతలో ఊళ్ళో ఉన్నాయన చేయాల్సింది చేసేస్తాడు: స్విచ్ తీసి వేస్తాడు. మోటారుకైనా టీవీకైనా కంప్యూటర్‌కైనా మన దగ్గర మొదటి వైద్యం అదే కదా. పెట్టె లేస్తుంది, ఆధారం పోతుంది. అందుకే పీస్టోర్ ఆప్షన్ ఒకటి ఉంది. కెర్నెల్ చనిపోతూ చివరి మాటల్ని యూఈఎఫ్ఐ ఫ్లాష్‌లో రాసిపెడుతుంది. కరెంటు పోయినా అవి ఉంటాయి. ర్యామ్‌లో దాచుకునే ర్యామూప్స్ అనే రకమైతే స్విచ్ తీయగానే పోతుంది. కాబట్టి మన ఊళ్ళకు ఏది పనికొస్తుందో ఆలోచించి ఎంచుకోవాలి. నెట్‌వర్క్ ఉంటే నెట్‌కన్సోల్ ఆ మాటల్నే యూడీపీ ప్యాకెట్లుగా పక్క మెషీన్‌కి పంపుతుంది. ఇరవై సెకన్లకు పైగా ఒక కోర్ ఇరుక్కుపోతే అరిచే సాఫ్ట్‌లాకప్ డిటెక్టర్, రెండు నిమిషాలకు పైగా ఒక టాస్క్ కదలకుండా పడి ఉంటే చెప్పే హంగ్ టాస్క్ డిటెక్టర్ కూడా ఈ కోవలోవే. వీటి ఖర్చు కొలిస్తే దొరకడం కష్టం. మెనూలో ఈ రెండు డిటెక్టర్లూ ఆ 'డీబగ్' పేటలోనే కాపురం ఉంటాయి కాబట్టి, పేట మొత్తాన్ని బుల్డోజ్ చేసేవాడి చేతిలో ఇవీ పోతాయి.

ఇంజనీరు యంత్రం పక్కనే ఉన్నచోట డీబగ్ ఆప్షన్లు తక్కువున్నా గడుస్తుంది. కీబోర్డు చేతిలో ఉంటుంది, మళ్ళీ బిల్డ్ చేసుకోవచ్చు, బగ్‌ని మళ్ళీ రప్పించొచ్చు. మనిషి దూరంగా ఉన్నకొద్దీ ఆధారం కూడబెట్టే ఆప్షన్ల అవసరం పెరుగుతుంది. ప్రచారంలో ఉన్న సలహా దీనికి సరిగ్గా ఎదురు: డెవలపర్ టేబుల్ మీద అన్నీ ఉంచు, మారుమూలకు పోయేదానిలో అన్నీ తీసేయ్.

బరువైన ఆప్షన్ల సంగతి వేరు, వాటిని వేరుగానే చూడాలి. 2015లో 4.0 కెర్నెల్‌తో వచ్చిన కేసాన్ తీసుకోండి. మెమరీలో ప్రతి ఎనిమిది బైట్లకు ఒక కాపలా బైటు పెట్టి, తప్పుడు అడుగు పడగానే అక్కడికక్కడే పట్టేస్తుంది. సాధారణ రకంలో అది ర్యామ్‌లో ఎనిమిదో వంతు తినేస్తుంది. నాలుగు జీబీల మెషీన్‌లో అయిదువందల పన్నెండు ఎంబీలు. వేగం మూడో వంతుకు పడిపోవచ్చని కెర్నెల్ రాసినవాళ్ళే హెల్ప్‌లో చెబుతారు. ఇది ఫీల్డ్‌లో పెట్టేది కాదు. కానీ టెస్టింగ్‌లో కూడా పెట్టకుండా, "మన మెషీన్లు ఆగవు సార్" అనేసి దాటేస్తున్నారే, గొడవంతా అక్కడే. విడుదల చేసిన మెమరీని మళ్ళీ ముట్టుకునే బగ్ ఎట్లాంటిదో నల్లగొండ వాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. మర్రిగూడ బోరు నీళ్ళు గ్లాసులో తేటగానే కనపడేవి. ఫ్లోరైడ్ ఏళ్ళ తర్వాత ఎముకల్లో తేలేది. ఈ బగ్ కూడా నెట్‌వర్క్ డ్రైవర్‌లో పుట్టి, గంట తర్వాత ఫైల్‌సిస్టమ్‌లో బయటపడుతుంది. కేసాన్ లేకుండా ఫైల్‌సిస్టమ్ కోడ్‌ని తెల్లవార్లూ చదివినా అందులో తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు.

మెషీన్ ఆగదన్న సాకు కూడా నిలబడదు. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఒక జీబీ ఇచ్చి కేసాన్ కెర్నెల్‌ని నడపొచ్చు. నెమ్మదిగా నడుస్తుంది, నడవనివ్వండి. 2006లో 2.6.18తో ఇంగో మోల్నార్ తెచ్చిన లాక్‌డెప్ అయితే ఇంకా చవక బేరం. రెండు లాక్‌లను ఒక దారిలో ఒక వరసలో, ఇంకో దారిలో తిరగేసిన వరసలో తీసుకుంటే ఎప్పుడో ఒకప్పుడు రెండు దారులూ ఎదురుపడి కెర్నెల్ బిగుసుకుంటుంది. అవి నిజంగా ఎదురుపడే దాకా లాక్‌డెప్ ఆగదు. వేర్వేరు వేళల్లో ఒక్కోసారి ఆ దారుల్లో నడిచినా చాలు, వరస తిరగబడిందని అరుస్తుంది. అరవై నాలుగు కోర్ల సర్వర్ మీద ఏడాదికోసారి వచ్చే చిక్కుని కాలేజీ లాబ్‌లోని పాత పీసీ మీద మధ్యాహ్నానికి పట్టుకోవచ్చన్నమాట. పేద లాబ్‌కి ఇంతకంటే అనుకూలమైన పనిముట్టు ఇంకోటి లేదు. దాన్నే మనం మొదట పీకేస్తున్నాం.

ఫీల్డ్‌లో మెమరీ తప్పులు పట్టడానికి మధ్యేమార్గం కూడా 2021లో వచ్చింది, 5.12తో. పేరు కెఫెన్స్. ప్రతి కేటాయింపునీ చూడదు. మామూలు అమరికలో వంద మిల్లీసెకన్లకు ఒకదాన్ని ఎంచుకుని దానికి కంచె కడుతుంది. మెమరీ ఖర్చు రెండు ఎంబీలు. ఒక్క పెట్టెలో ఒక్క రోజులో ఏమీ దొరక్కపోవచ్చు. పదుల పెట్టెలు నెలల తరబడి నడిస్తే దొరకడం మొదలవుతుంది. గూగుల్ ఇంజనీర్లు దీన్ని నడిచే సర్వర్లలో ఉంచడానికే రాశారు. ఇంత స్పష్టంగా 'ఫీల్డ్ కోసం' అని పుట్టిన ఆప్షన్ కూడా పేరు పక్కన డీబగ్ అనిపించుకుంటే మన దగ్గర దానికి దిక్కులేదు.

ఎదుటివాళ్ళకు ఒక బలమైన సాక్ష్యం ఉంది, నేనే చెబుతాను. 2008లో 2.6.27 విడుదలకు ముందు వచ్చిన పరీక్షా కెర్నెళ్ళు ఇంటెల్ గిగాబిట్ నెట్‌వర్క్ కార్డుల్లోని శాశ్వత మెమరీని చెరిపేశాయి. కార్డు పనికిరాకుండా పోయేది. వారాల తరబడి అందరూ ఈ1000ఈ డ్రైవర్‌ని తిట్టారు. చివరికి దొంగ డైనమిక్ ఎఫ్‌ట్రేస్ అని తేలింది, అంటే డీబగ్ కోసం పెట్టిన ఆప్షనే. అప్పటికే మెమరీ నుంచి తీసేసిన కోడ్ చిరునామాల్లో సూచనల్ని మార్చబోయి, అదే చోట మ్యాప్ అయి ఉన్న కార్డు మెమరీ మీద రాసింది. 2.6.27.1లో ఆ ఆప్షన్‌ని మూసేశారు. ఆ తర్వాత ఏ చోట్లు మార్చాలో కంపైల్ సమయంలోనే గుర్తుపెట్టుకునేలా తిరగరాశారు. కాబట్టి డీబగ్ ఆప్షన్ ఎప్పుడూ నిరపాయం అని నేను అనను. అది కూడా కోడే, దానిలోనూ బగ్‌లుంటాయి. కానీ ఆ ఘటన చెప్పేది కొత్త కోడ్‌ని నమ్మొద్దని. అప్పటి ఎఫ్‌ట్రేస్‌కి జరిగింది చూపించి ఇవ్వాళ్టి కాల్‌సిమ్స్‌ని పీకేయడం ఏ లెక్కన సబబు? వాడకపోతే ఈనాటి ఎఫ్‌ట్రేస్ ఫంక్షన్ మొదట్లో ఒక ఖాళీ సూచనగా పడి ఉంటుంది, అంతే.

ఇంకొందరు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పేరు ఎత్తుతారు. తనకు కెర్నెల్ డీబగ్గర్లంటే పడదని ఆయన 2000లో కుండబద్దలు కొట్టాడు, నిజమే. ఆయన కోపం ఒక్కో అడుగూ ఆపుకుంటూ పోయే డీబగ్గర్ మీద, దాన్ని ఆసరా చేసుకుని కోడ్ గురించి ఆలోచించడం మానేసేవాళ్ళ మీద. ట్రేస్‌ల మీద కాదు. కెర్నెల్ పడిపోయినప్పుడు తెరమీద పడే ఊప్స్‌ని చదివి బగ్ పట్టడమే ఆయన పద్ధతి. ఆ ఊప్స్‌ని చదవగలిగేలా చేసే ఆప్షన్లనే మనవాళ్ళు ఆయన పేరు చెప్పి తీసేస్తున్నారు! పైగా 2008లో 2.6.26తో కేజీడీబీ అనే డీబగ్గర్ కూడా ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చేసింది.

కేప్రోబ్స్ మీద నాకు కాస్త అభిమానం ఎక్కువ, దాచను. నడుస్తున్న కెర్నెల్‌ని ఆపకుండా, మళ్ళీ బూట్ చేయకుండా, కావలసిన సూచన దగ్గర ఒక వేగుని కూర్చోబెట్టే సౌకర్యం అది. 2004లో 2.6.9తో ప్రధాన కెర్నెల్‌లో చేరింది. ఆ ఫైలు తెరిస్తే మొదటి రచయితగా వంశీకృష్ణ ఎస్. పేరు, తర్వాత ప్రసన్న ఎస్. పంచముఖి, సుపర్ణ భట్టాచార్య పేర్లు కనపడతాయి. ఐబీఎం భారత శాఖ ఈమెయిల్ చిరునామాలతో సహా. ప్రపంచమంతా సర్వర్లలో ఉంచుకుంటున్నదాన్ని ఇక్కడి పిల్లలు 'అనవసరం' అని తీసేస్తుంటే మనసు చివుక్కుమనదా?

అన్నీ పెట్టెయ్ అనేవాళ్ళూ ఉన్నారు, తక్కువమంది. లాక్‌డెప్‌ని ఫీల్డ్‌కి పంపేవాడికి ఒక మాట: మొదటి ఫిర్యాదు రాయగానే అది తన పని తానే ఆపేసుకుంటుంది. ఇక నాలుగు ఎంబీల ఫ్లాష్ ఉన్న పాత రౌటర్‌లో కాల్‌సిమ్స్ తీసేయక తప్పదు, ప్రతి కిలోబైటూ లెక్కే. డీబగ్‌ఎఫ్‌ఎస్ ద్వారా లోపలి చిరునామాలు బయటపడతాయన్న భద్రతా భయం నిజమే, దాన్ని మౌంట్ చేయకుండా ఉంచొచ్చు, కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్‌ని రూట్‌కే పరిమితం చేయొచ్చు.

ఇవన్నీ పక్కనపెట్టి, పెట్టెలు కొనే ఆఫీసులు, స్కూళ్ళు, పంచాయతీలు ఒక్క షరతు రాసుకుంటే చాలు. సరఫరా చేసిన ప్రతి కెర్నెల్‌కీ దాని బిల్డ్ ఐడీతో సరిపోయే, వలవని వీఎంలినక్స్ ఫైలు కొన్నవాళ్ళకు ఇవ్వాలి. జీపీఎల్ లైసెన్స్ కింద సోర్స్ ఇస్తున్నాం కదా అని సరఫరాదారు తప్పించుకోబోతాడు. సోర్స్ ఒక్కటీ చాలదు. అదే కంపైలర్, అదే కాన్ఫిగ్, అదే ప్యాచ్‌లు దొరక్కపోతే మళ్ళీ బిల్డ్ చేసిన ఫైల్లో చిరునామాలు కలవవు, ఫొటోలోని ట్రేస్ మనల్ని వేరే లైను దగ్గరికి తీసుకుపోతుంది. అసలు ఫైలు కుదించి దాస్తే కొన్ని వందల ఎంబీలు, ఒక పెన్‌డ్రైవ్‌లో మూల. బిల్డ్ అయిన రోజున అది అందరి దగ్గరా ఉంటుంది. ఆ సాయంత్రం జాగా ఖాళీ చేయడానికి 'మేక్ క్లీన్' కొట్టకపోతే మర్నాడు కూడా ఉంటుంది.